ఫాంటసీ స్టార్ : ఆటపెట్టెలోని వీరకన్య

పిల్లలు టెలివిజను ముందు గూర్చుండి, చేత నొక మీటల పలకను బట్టుకొని, తెరమీది బొమ్మలను పరుగెత్తించుట నేటి గృహములలో వింత కాదు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు పట్టణములలోనే గాక నడిగడ్డ పల్లెలలోను ఈ యాటలు ప్రవేశించినవి. తల్లులు విసుగుకొందురు, తండ్రులు కేకలు వేయుదురు, పిల్లలు కొంతసేపు మాని మరల మొదలిడుదురు. ఆ యాటలలో నేమున్నదో తెలిసికొనుటకు మాత్రము పెద్దలలో పెక్కురు పూనుకొనరు. చదువని కావ్యమునకు విమర్శ వ్రాయుట యెట్టిదో, చూడని యాటను నిందించుటయు నట్టిదే యని తలచి, మేము ఈమధ్య కొన్ని మాసములు ఒక యాటను ఆమూలాగ్రముగ పరిశీలించితిమి. దాని పేరు ఫాంటసీ స్టార్. జపాను దేశమున సేగా యను సంస్థవారు 1987వ సంవత్సరము డిసెంబరు 20వ తేదీన దానిని వెలువరించిరి. ఇన్నియేండ్ల నాటి యాటను గూర్చి యిప్పుడేల వ్రాయవలెనని సోదరీమణు లడుగవచ్చును. ఇందు కథను నడిపించునది యొక కన్య. ఆమె రూపమును జిత్రించినదియు, ఆమె కథను గల్పించినదియు స్త్రీలే. మా కీ రెండు కారణములు చాలును.

ఈ జాతి యాటల స్వభావమును ముందుగా దెలుపవలెను. మన వైకుంఠపాళిలో గవ్వలు పడినట్లు కాయ కదలును. నిచ్చెన వచ్చిన నెక్కును, పాము వచ్చిన దిగును. కాయకు బుద్ధి లేదు, బలము లేదు, నిన్నటి యనుభవము నేటికి రాదు. పచ్చీసులో నాడువారి తెలివి కొంత పనికివచ్చును గాని, అందును కాయ కాయయే. పాత్రధారణపు ఆటలలో నట్లు గాదు. ఆడువారు ఒక పాత్రను ధరింతురు. ఆ పాత్రకు పేరుండును. బలమెంత, ప్రాణశక్తి యెంత, చేతనున్న ధనమెంత, నేర్చిన మంత్రములేవి యను లెక్క యుండును. గెలిచినకొలది అనుభవము కూడుకొనును, అనుభవముతో బలము హెచ్చును. 1974లో అమెరికాయందు డంజన్స్ అండ్ డ్రాగన్స్ అను పేర కాగితము, పెన్సిలు, పాచికలతో ఈ పద్ధతి యారంభమైనది. ఒకరు కథకులై చెప్పుచుండగా తక్కినవారు పాత్రలై నడుచుట దాని విధానము. 1981లో విజర్డ్రీ, అల్టిమా అనునవి దానిని కంప్యూటరునకు దెచ్చినవి. అయితే ఆనాడు కంప్యూటరు ఎందరి యిండ్ల నుండెను?

దానిని ఇంటి టెలివిజనునకు దెచ్చి, బడిపిల్లలకు సైత మందునట్లు చేసినవారు జపానువారు. అచ్చట నింటెండో సంస్థ 1983 జూలై 15న ఫామికాం అను ఆటయంత్రమును 14,800 యెన్‌ల వెలకు విడుదల చేసినది. ఆ యంత్రముపై 1986 మే 27న ఎనిక్సు సంస్థవారు డ్రాగన్ క్వెస్ట్ అను నాటను వెలువరించిరి. దాని కర్త యుజి హోరి, బాలుర వారపత్రికలో వ్రాయుచుండినవాడు. బొమ్మలు అకిరా తొరియామావి, సంగీతము కోయిచి సుగియామాది. ఆటయంతయు 64 కిలోబైట్ల చోటున నిమిడినది. నేడు చేతిఫోనుతో దీసిన ఒక్క ఛాయాచిత్రమునకే అంతకు బహురెట్లు చోటు కావలెను. జపాను భాషలో అన్యదేశ పదములను, వింతపేర్లను వ్రాయుటకు కటకనా యను లిపి కలదు. ఆ లిపిలోని అక్షరము లన్నిటికి చోటు చాలక హోరి కొన్నిటిని మాత్రమే యుంచి, ఆ కొన్నిటితో వ్రాయదగు పేర్లనే రాక్షసులకును, ఊళ్లకును ఏరికోరి పెట్టెను. మన కవులు పెదవులు తగులని యక్షరములతో నిరోష్ఠ్య కావ్యములు రచించిరి గదా! వారు పాండిత్య ప్రదర్శనమునకు జేసినదానిని ఇతడు అక్కరచే జేసెను.

మావారు పాఠశాలలో ఉపాధ్యాయులు. ఆయనకు డ్రాగన్ క్వెస్ట్‌లో మిక్కిలి నచ్చినది మొదటి గది. కథానాయకుడు రాజుగారి కొలువులో నిలిచియుండును. తలుపు మూసి యుండును. మాటాడుట తెలిసినగాని, పెట్టె తెరచి తాళపుచెవి దీయుట తెలిసినగాని, దానితో తలుపు దెరచుట, మెట్లు దిగుట తెలిసినగాని వెలుపలికి బోజాలడు. వెలుపలికి వచ్చునప్పటికి ఆటకు గావలసిన విద్యలలో ముఖ్యమైనవన్నియు వచ్చియుండును. వాచకము లేదు, బెత్తము లేదు. "మొదటి తరగతి పాఠ మిట్లు చెప్పగలిగిన మాకు సగము శ్రమ తగ్గును" అని ఆయన యనిరి. మరణించిన నాయకుడు మరల రాజు నెదుట లేచును. చేతిలోని ధనము సగము పోవును, నేర్చిన యనుభవము మాత్రము చెక్కుచెదరదు. ఈ నియమమును విని మేమును సంతసించితిమి. విద్య దొంగలెత్తుకొని పోలేని సొమ్మని మన పెద్దలు చెప్పిన మాటయే యిది.

ఆనాటి ఆ యాటలో ఆడినంతవరకు దాచుకొనుటకు యంత్రమున వీలు లేకుండెను. రాజుగారు ఇరువది యక్షరముల పునరుజ్జీవన మంత్రమును జెప్పును. పిల్లలు దానిని కాగితముపై వ్రాసికొని, మరునాడు మరల దానిని యంత్రమునకు వినిపింపవలెను. ఒక్క యక్షరము తప్పినను మంత్రము ఫలింపదు. నెలనాళ్ల శ్రమ నీటిపాలు. ఉక్తలేఖనమునకు ఇంతకంటె కఠినమైన పరీక్షకుడు మాకు దెలిసినంతలో లేడు.

అయినను ఆ యాటలో మా మనసునకు నచ్చని దొకటి కలదు. అందు రాజకుమారిని సర్పము చెరబట్టి గుహలో నుంచును. నాయకుడు ఆమెను విడిపించి చేతులమీద నెత్తుకొని వచ్చును. నన్ను గొనిపోవుదువా యని ఆమె యడిగినపుడు కాదన్నచో మరల నదే ప్రశ్న. మరల కాదన్నను మరల నదే. అవునను వరకు ఆ ప్రశ్న యాగదు. ఇది హాస్యమునకు జేసినదే కావచ్చును. కాని ఆ కన్యకు రక్షింపబడుట, అడుగుట తప్ప వేరు పని లేకపోవుట మాకు వెలితిగా దోచినది. మరుసటి యేడు, 1987 జనవరిలో వచ్చిన రెండవ భాగమున ఆ వెలితిని కొంత దీర్చిరి. అందొక రాజకుమారి శాపవశమున కుక్కయై వీధుల దిరుగుచుండును. అద్దముచే నిజరూపము వచ్చిన పిదప తానును మంత్రప్రయోగము చేయుచు ముందుకు సాగును. మాయల మరాఠి బాలనాగమ్మను కుక్కగా మార్చి కొనిపోయిన కథను మన పాలమూరు సీమలో వినని యవ్వ లేదు. జపానువారు మన కథను వినలేదు, మనవారు వారి కథను వినలేదు. పగ దీర్చుకొనువాడు ఆడుదానిని కుక్కను జేయుట రెండు దేశములవారికిని వేర్వేరుగానే తోచినది కాబోలు.

ఇంక ఫాంటసీ స్టార్ కథకు వత్తము.

ఆల్గోల్ అను సూర్యమండలమున మూడు గ్రహములు. పాల్మా పచ్చని నేల, మొటావియా ఇసుక యెడారి, డెజోరిస్ మంచుగడ్డ. ఈ మూడింటిని లాసిక్ అను రాజు ఏలుచుండును. ఒకప్పుడు మంచివాడే, దుష్టశక్తి కావేశించి ప్రజలను బాధింప నారంభించెను. వాని నెదిరించిన నీరో యను యువకుని యంత్రభటులు వీధిలో గొట్టి పడవేయుదురు. నీరో తన చెల్లెలైన అలీస్ యొడిలో ప్రాణములు విడుచుచు, ఓడిన్ అను వీరుని వెదకి వాని తోడు దీసికొమ్మని చెప్పును. ఆటారంభమున మన కన్నుల బడునది యిది. అలీస్ ఏడ్చుచు గూర్చుండదు. అన్న విడిచిన పనిని దాను బూని కత్తి గట్టుకొని బయలుదేరును.

మా తమ్ముడు హైదరాబాదునుండి వేసవి సెలవులకు వచ్చినపుడు ఈ యాటను తెరపై జూపించెను. మా అమ్మగారు కొంతసేపు చూచి, "ఆ పోరికి అవ్వయ్యలు లేరా? ఒక్కదాన్ని అడవులల్ల ఎట్ల తోలిన్రు?" అని యడిగిరి. అందరును నవ్విరి గాని, ప్రశ్న నవ్వదగినది గాదు. ఆడపిల్ల ఒంటిగా నడచుట మొదటి భాగముననే కష్టమని ఆటయు నొప్పుకొనును. తొలి సంధ్యలో అలీస్ ఊరి ప్రక్కన తిరుగు చిన్నపాటి యీగలకే ప్రాణము గోల్పోవును. ఆమెకు గావలసినది తోడు. ఆ తోడు దొరకు విధమే యీ కథలోని రుచి.

ఓడిన్ ఏమైనాడు? మెడూసా యను రాక్షసి చూపు దగిలి గుహలో శిలయైనాడు. శాపముచే శిలయైన స్త్రీని పురుషుని పాదధూళి విడిపించిన కథ మనకు ఉగ్గుపాలతో వచ్చినది. ఇచ్చట శిలయైనవాడు పురుషుడు, విడిపింపవచ్చినది స్త్రీ. బాలనాగమ్మ కథలోను మాయల మరాఠి కార్యవర్ధిరాజును, సైన్యములను రాళ్లు జేసెను గాని అచ్చట వారిని విడిపించినవాడు కొడుకు. అలీస్ మొటావియాకు బోయి, వర్తకుని యొద్ద అమ్మకమునకున్న మయావు అను మాటలాడు పిల్లిని సంపాదించును. ఆ పిల్లి యొద్ద అల్సులిన్ అను మందు బుడ్డి కలదు. అది చల్లినంతనే ఓడిన్ కదలును. హనుమంతుడు పర్వతమునే యెత్తుకొని వచ్చిన సంజీవని యిచ్చట పిల్లి మెడలోని బుడ్డిలో నిమిడినది.

నాలుగవ తోడు నోవా యను సిద్ధుడు. మొటావియా పాలకుని సిఫారసు ఉత్తరము లేనిది నోవా కదలడు. పాలకుని దర్శనమునకు బోవలెనన్న వట్టిచేతులతో బోరాదు. ఆయనకు తీపి వంటక మిష్టము. ఆ తీపి వంటకము, అనగా షార్ట్‌కేకు, దొరకు నంగడి యెక్కడనున్నదో యూహింపుడు! రాక్షసులు తిరుగు చీకటిగుహ లోపలి భాగమున. వెల వేయి మెసెటాలు. మెసెటా యనునది వారి నాణెము. అంత లోతున ఆ మిఠాయివానికి బేరమెట్లు సాగునో, పాలెక్కడినుండి తెప్పించునో కథలో చెప్పలేదు. మా యింట భక్ష్యములు చేయుచు ఈ సంగతి తలచుకొని నవ్వుకొనని పండుగ ఈ యేడు లేదు. పెద్దవారి దర్శనమునకు రిక్తహస్తములతో బోరాదను మర్యాద మాత్రము ఆల్గోల్ లోకమునకును దెలిసియున్నది.

తరువాతి కథను విస్తరింపము. చెరసాలలోనున్న లువెనో యను శాస్త్రజ్ఞుని విడిపించి ఆకాశనౌకను గట్టించుట, పాతలోహపు కుప్పలో దొరకిన హాప్స్‌బీ యను యంత్రపురుషుడు దానిని నడుపుట, అద్దపు డాలు సాయముతో మెడూసాను జయించుట, మయావు ఒక ఫలమును దిని రెక్కలు వచ్చి మిత్రులను లాసిక్కు ఆకాశదుర్గమునకు మోసికొనిపోవుట — ఇవన్నియు ఒకదానినుండి యొకటి పుట్టుచుండును. కళాపూర్ణోదయమును చదివినవారికి ముడి మీద ముడి పడుట, ముందు చెప్పిన చిన్నమాట వెనుక బనికివచ్చుట క్రొత్త గాదు. లాసిక్కును జంపినతోనే కథ ముగియదనియు, వాని నావేశించిన యసలు దుష్టశక్తి వేరుగ నున్నదనియు మాత్రము చెప్పి విడుతుము.

మాకు మిక్కిలి హృదయంగమమైన దొక చిన్న నియమము. రాక్షసు లెదురుపడినపుడు యుద్ధము చేయుట, పారిపోవుట మాత్రమే గాక మాటాడుట యను నుపాయమును గలదు. కొన్ని రాక్షసులు మాటాడును. తెలియని సంగతులు చెప్పి దారి విడిచిపెట్టును. మా చెల్లెలి కుమారులు వనపర్తినుండి వచ్చి మూడుదినము లాడిరి గాని, ఆ మీటను వారొక్కమారును నొక్కి యెరుగరు. కనబడినదానినెల్ల నరకుటయే. వారి యక్క, పదుమూడేండ్లది, "మాకు ఒకసారి ఇయ్యుండ్రి" అని వెనుక గూర్చుండి యడుగుచుండెను. "నీకు రాదు, నువ్వు చూడు" అని వారి జవాబు. ఆటలో నడచుచున్నది ఆడపిల్ల, ఆడుచున్నది మగపిల్లలు, ఆడపిల్లకు చూచు పని! మేము లేచి మీటల పలకను దీసి ఆ పిల్ల కిచ్చితిమి. అది మొదటి పోరాటముననే మాటాడు మీటను నొక్కినది. ఆ రాక్షసుడు మాట దెలిసినవాడు గావున బ్రతికినాడు. సామదానభేదదండములలో సామము మొదటిదని చదువుకొన్న మాకు ఆ పిల్ల చేసినది సరియే యనిపించినది. తరువాత రెండవ రాక్షసునితో మాటాడబోగా వాడు మాట విననిజాతి యగుటచే ఆమె చచ్చినంత పని యైనదనుట గూడ నిజము. మగపిల్లలు చప్పట్లు గొట్టిరి.

ఈ యాటను జేసినవారిలో ముఖ్యురాలు రియేకో కొడామా. 1963లో జన్మించి, 1984లో సేగా సంస్థలో జిత్రకారిణిగా బ్రవేశించిన యామె, ఇరువదినాలుగేండ్ల వయసున అలీస్ రూపమును, ఆల్గోల్ లోకముల దృశ్యములను దీర్చినది. మూలకథ చియేకో అయోకి యను మఱియొక స్త్రీది. ఆట నిర్మాణమును నడిపించినవాడు కొతారో హయాషిడా. గుహలలో నడచుచున్నపుడు గోడలు నిజముగ మనమీదికి వచ్చుచున్నట్లు కనబడు చమత్కారమును యుజి నకా కల్పించెను. సంగీతము తొకుహికో ఉవాబో కూర్చెను. ఆనాడు నాలుగు మెగాబిట్లు, అనగా 512 కిలోబైట్లు పట్టు పెట్టె పెద్ద విశేషము. మొదటి డ్రాగన్ క్వెస్ట్‌కంటె ఎనిమిదిరెట్లు చోటు దొరకెను గావున రాక్షసులు కదలి కొట్టుటను సైతము చిత్రింప వీలైనది. ఆడినది నిలువచేయుటకు పెట్టెలోనే చిన్న బ్యాటరీ యుండెను. ఇరువది యక్షరముల మంత్ర మక్కరలేదు.

కొడామా పని యెట్టిదో గద్వాల సోదరీమణులకు మేము చెప్పనక్కరలేదు. మగ్గము నెరిగినవారు తామే యెరుగుదురు. మన గద్వాల చీరకు ఒడలు నూలు, అంచులు పట్టు. అంచుమీద హంసను గాని, రుద్రాక్షను గాని, గోపురమును గాని దించవలెనన్న ముందుగ గడుల కాగితముపై గడి గడికి రంగు నింపి చూచుకొందురు. వంపు కావలెనన్న మెట్లు మెట్లుగ గడుల నమర్చవలెను. నేత్రము దూరమునుండి వానిని వంపుగా గ్రహించును. సేగా యంత్రమున బొమ్మ గీయుటయు నట్టిదే. తెర యంతయు సన్నని గడులు. ఎనిమిది గడులు అడ్డము, ఎనిమిది నిలువు ఒక తునుక. అట్టి తునుకలను జేర్చి ముఖము, కత్తి, కోట. రంగులు మొత్తము అరువదినాలుగు. ఒక్కసారి తెరమీద ముప్పదిరెంటికి మించరాదు. అద్దకపువాడు తెచ్చిన దారములలోనే సర్దుకొను నేతగత్తెవలె ఆమె ఆ ముప్పదిరెంటిలోనే పచ్చికను, ఇసుకను, మంచును జూపవలెను. ముగ్గు చుక్కలను లెక్కించి పెట్టుట యెరిగిన మన చేతులకు ఈ విద్య పరాయిది గాదని మా దృఢాభిప్రాయము. "బొమ్మలు గీసిన కూడు పెట్టునా?" యని మన యిండ్ల ఆడపిల్లల చేతిలోని రంగుపెన్సిళ్లు లాగుకొనువారు కలరు. కొడామా జీవితకాలమంతయు ఆ సంస్థలోనే పనిచేసినది. 1993లో వచ్చిన ఫాంటసీ స్టార్ నాలుగవ భాగమునకు తానే దర్శకురాలైనది. 2000లో స్కైస్ ఆఫ్ ఆర్కేడియా యను నాటకు నిర్మాత్రి. 2019లో ఆట నిర్మాతల సమ్మేళనమున మార్గదర్శకులకిచ్చు పురస్కారము నందుకొన్నది. 2022 మే నెలలో ఏబదియెనిమిదేండ్ల వయసున ఆమె గతించినది. సేగావారు విడుదల చేసిన యొక చిన్న యంత్రమున ఆమెకు నివాళిగా వ్రాసిన పంక్తిని జూచినవారివలన ఆ సంగతి అక్టోబరులోగాని లోకమునకు దెలియలేదు.

స్త్రీ రణమునకు బోవుట అస్వాభావికమని యనువారు ఇంకను కలరు. భాగవతమున నరకాసురునిపై విల్లెక్కుపెట్టిన సత్యభామను వారు మరచిరేమో. అంత దూర మేల? సంస్థానముల విలీనమువరకు గద్వాలను పాలించినది మహారాణి ఆదిలక్ష్మీ దేవమ్మగారు గదా. కోటలో పాలనకు రాణి యుండవచ్చును, ఆటలో నాయకత్వమునకు కన్య యుండరాదా? ఇట్లనుచునే యొక మాట. ఈ యాటలో నాయిక కన్య యైనను, చూపుతో శిల జేయు రాక్షసియు స్త్రీయే. గ్రీకువారి పాతకథను దెచ్చుకొన్నపుడు దానితోడి దురభిప్రాయమును గూడ దెచ్చుకొనిరి. రాక్షసికి మాటాడు మీట పనిచేసిన నెంత బాగుండెడిది!

దోషములు చెప్పనిది విమర్శ గాదు. బలము పెరుగుటకై అవే యీగలను, అవే తేళ్లను పదేపదే చంపవలసివచ్చుట విసుగు పుట్టించును. మా తమ్ముడు ఒక రాత్రి రెండు గంటలు దానికే వెచ్చించెను. దానివలన కథలో ఒక్క అడుగు ముందుకు బడలేదు. పిల్లల కాలమును హరించునది కథ గాదు, ఈ చర్వితచర్వణమే. గుహలన్నియు ఒక్క తీరుగ నుండి దారి తప్పించును. ఊరివారు చెప్పు మాటలు మిక్కిలి పొట్టి. ఒక వాక్యము చెప్పి మొగము త్రిప్పుకొందురు. మన పల్లెలలో దారి యడిగిన వంశవృక్షముకూడ చెప్పుదురు.

గుహలలో దారి తప్పకుండుటకు మా చెల్లెలి కుమార్తె మంచి యుపాయమును గనిపెట్టినది. లెక్కల పుస్తకములోని గడుల కాగితముపై నొక్కొక అడుగునకు ఒక్కొక గడి చొప్పున గుహను గీసికొన్నది. తొలినాళ్లలో దేశదేశముల ఆటగాండ్రందరు నిట్లే చేసిరి. కుడియెడమలు, తూర్పుపడమరలు ఆ పిల్లకు ఆ పదిదినములలో వచ్చినంతగ పాఠశాల భూగోళములో రాలేదని వాళ్లమ్మయే యొప్పుకొన్నది. మేము మా యింట ఒక నియమము పెట్టితిమి. పటము గీయని దినమున ఆట లేదు. దినమునకు ఒక అంతస్తు. దీపాలవేళకు యంత్రము కట్టివేయవలెను. మగపిల్లలకు పటము గీయుట శిక్షగ దోచి రెండవనాడే బంతి యాటకు వెళ్లిరి. దానికిని మాకు విచారము లేదు.

1990ల దశకమున సేగా యంత్రములు మన దేశమున విక్రయింపబడినవి గాని, మన పాలమూరు ప్రాంతపు పట్టణములలో మేము చూచినవి నింటెండో యంత్రపు నకళ్లే. మేరియో, కాంట్రా అనునవి ఇంటింట నాడబడెను. అవి పరుగెత్తు ఆటలు, భాష యక్కరలేదు. పాత్రధారణపు ఆటలకు చదువవలెను గావున, ఆంగ్లము రానివారి కవి దూరమై యుండెను. ఇచ్చట ఒక సంగతి చెప్పవలెను. బ్రెజిలు దేశమున టెక్ టాయ్ యను సంస్థవారు 1991లో ఫాంటసీ స్టార్‌ను సంపూర్ణముగ పోర్చుగీసు భాషలోనికి మార్చి విక్రయించిరి. అచ్చటి పిల్లలు తమ తల్లి భాషలో అలీస్ మాటలు చదివిరి. అది లాభము గోరి చేసిన వ్యాపారమే. అయినను ఫలము భాషకు దక్కినది. పోర్చుగీసువారికి సాధ్యమైనది కోట్లాది జనులు మాటాడు తెలుగునకు సాధ్యము గాకపోవునా? తెలుగువారు ప్రపంచమందలి కంప్యూటరు సంస్థలలో నెందరో యున్నారు. వారి యిండ్లలో పిల్లలకు తెలుగు చదువుట రాదని తల్లులు చింతించుచున్నారు. ఆడుకొనుటకైనను చదువవలసిన తెలుగు ఒకటి యుండిన ఆ చింత కొంత తీరును.

సేగావారు ఈ యాటను 2018లో నింటెండో స్విచ్ యంత్రమునకు మరల సిద్ధపరచిరి. మా తమ్ముడు చూపించినదియు అదియే. అందు గుహల పటమును యంత్రమే గీసి చూపును. కొనువారు ఆ సౌకర్యమును గట్టివేసి, పిల్లలకు గడుల కాగిత మిచ్చుట మంచిదని మా సలహా.

మా చెల్లెలి కుమార్తె యిప్పుడు పటముల పుస్తకము వెనుకవైపునుండి ఆట మాటలను తెలుగున వ్రాయుచున్నది. ఆంగ్లములో అందరికి నొక్కటే సంబోధన. తెలుగులో నట్లు కుదరదు. "పెద్దమ్మా, అలీస్ నోవాను ఏమని పిలువాలె?" అని మొన్న ఫోనులో నడిగినది. సిద్ధుడు గావున మీరనవలెనని చెప్పితిమి. ఓడిన్‌ను వెదకుమని అన్నయే చెప్పెను గావున వానిని అన్నా యని నిర్ణయించితిమి. లాసిక్ రాజే యైనను వానికి నువ్వు చాలునని ఆ పిల్లయే తేల్చినది. మయావు అలీస్‌ను అక్కా యనవలెనా, అమ్మా యనవలెనా యనునది ఇంకను తేలలేదు. వాళ్ల యింటి పిల్లి యేమనుచున్నదో చూచి వ్రాసెదనని చెప్పి ఫోను పెట్టివేసినది.